కాటుకమ్మ పెరట్లో వనభోజనం

ఎర్రకొండ కింద, వాగు వంపు తిరిగే చోట జంతువులకి తలా ఒక పెరడు ఉంది. జింక పెరట్లో గరిక కత్తిరించినట్టు ఒకే ఎత్తున ఉంటుంది. కుందేళ్ళ పెరట్లో ముల్లంగి మళ్ళు గళ్ళ దుప్పటి ఆరేసినట్టుంటాయి. అన్నిటికంటే ఎగువన, రాతి ఊట పక్కన ఉన్నది బర్రె కాటుకమ్మ పెరడు. అక్కడ ఏదీ ఒకే ఎత్తున ఉండదు. ఊట నీళ్ళు ముందు ఆవిడ పొర్లే బురదగుంటలోకి వస్తాయి. గుంట నిండితే అరటి మొదళ్ళలోకి, అక్కణ్ణించి చేమమడిలోకి, చివరికి గుమ్మడి పాదులోకి పోతాయి. పక్కనే పెంటకుప్ప. దాని మీద ఈగలు, ఈగల కోసం కొంగలు, కొంగల్ని తరమడానికి కాటుకమ్మ తోక. రోజంతా సందడే.

ఆ వాడలో ఒక ఆనవాయితీ ఉంది. కార్తీకమాసం రాగానే అందరూ ఒకరి పెరట్లో చేరి ఉసిరిచెట్టు కింద వనభోజనం చేస్తారు. ఏటా ఒకరి వంతు. బియ్యం, పప్పు అందరూ తెచ్చుకుంటారు. కూరలూ, తినడానికి ఆకులూ మాత్రం పెరటి ఇంటివాళ్ళవే. ఆ రోజు ఇంటివాళ్ళని వరసలో మొదట కూర్చోబెట్టి, మొదటి ముద్ద వాళ్ళకి వడ్డిస్తారు. మళ్ళీ కార్తీకం వచ్చేదాకా వాడలో ఏ పంచాయితీ జరిగినా మొదటి మాట వాళ్ళదే.

కాటుకమ్మ వంతు వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి వంక దొరికేది. వాన పడిందని ఒకసారి, దారి జారుతోందని ఒకసారి. వచ్చే ఏడు చూద్దాంలెమ్మని మరోసారి. వరస చివర కూర్చుని తినడం ఆవిడకి అలవాటైపోయింది.

పోయిన కార్తీకంలో జింక సువర్చల పెరట్లో భోజనాలు. వంటలన్నీ చూసే ఎలుగుబంటి వీరాస్వామి చేతులు కడుక్కుంటూ అన్నాడు, "వచ్చే ఏడు కాటుకమ్మగారి పెరడే. ఇంక దాటెయ్యడానికి వంకలు కూడా అయిపోయాయి."

సువర్చల మెడ సాచి నవ్వింది. "అయితే ఇప్పుడే చెప్తున్నా, ఎవరి పీట వాళ్ళు తెచ్చుకోండి. ముక్కుకి గుడ్డ కూడా."

అందరూ నవ్వారు. కాటుకమ్మ కూడా నవ్వింది.

సువర్చల అన్న మాట ఆవిడ ఇంటికెళ్ళేసరికే మర్చిపోయింది. తను నవ్విన నవ్వు మాత్రం ఏడాది పొడుగునా గొంతులో గడ్డిపరకలా అడ్డం పడుతూనే ఉంది. తన ఇంటిని ఎవరో తిడుతుంటే తను పళ్ళు బయటపెట్టింది. ఎందుకు? పక్కవాళ్ళతో కలిసిపోవాలని. కలిసిపోయిందా? లేదు. చివరి ఆకు దగ్గరే కూర్చుంది.

*

వానలు వెనకబట్టగానే కాటుకమ్మ పెరటి మధ్యలో నిలబడి చుట్టూ చూడటం మొదలుపెట్టింది. పొరుగున ఉండే పెట్టకోడి పింగళి, పెంటకుప్ప మీద నుంచి తలెత్తి అరిచింది.

"ఏం వదినా, పరాయి ఊరు వచ్చినదానిలా అలా చూస్తున్నావేంటి?"

"ఈ పెరడు మార్చాలి పింగళీ. మొత్తం మార్చెయ్యాలి. వాళ్ళంతా వచ్చేలోపు."

"మార్చు. ఎవరొద్దన్నారు? ఖర్చుకేముంది నీ దగ్గర?"

కాటుకమ్మ గడ్డివాము వైపు చూసింది. ఆ వాడలో ఎవరు పని చేసినా కూలి గడ్డే. ఆ వాము ఎండాకాలం గడిచేదాకా ఆవిడ కడుపుకి ఆధారం. కొమ్ముతో వాము మీద చిన్న గీత గీసింది. "ఇదిగో, ఇంతవరకే ఖర్చు పెట్టగలను. ఆపైన ముట్టుకుంటే వేసవిలో నా ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు."

పింగళి ఆ గీత వైపు ఒక కన్ను, ఆవిడ వైపు ఒక కన్ను పెట్టి చూసింది. తర్వాత కుప్ప దిగి, పెరడంతా గబగబా తిరుగుతూ చెప్పుకుపోయింది. ఆ కోడికి మాట మొదలైతే ఆగదు.

"దీనికి ఇంత కూడా అక్కర్లేదు. గాడిదకి నాలుగు మోపులు ఇచ్చి వాగులోంచి పలకరాళ్ళు తెప్పించు. గుమ్మం నుంచి ఉసిరిచెట్టు దాకా పరిచామంటే ఎవరి కాలికీ బురద అంటదు. గుంట చుట్టూ ఒక గట్టు వెయ్యి, ఆ మట్టి నీ గుంటలోదే. గుమ్మడి తీగని నేల మీద పాకనివ్వక పాక మీదకి ఎక్కించు, చోటు కలిసొస్తుంది. పోయినేటి బంతి విత్తనం నా దగ్గరుంది, పెంటకుప్ప ముందు చల్లేస్తే కార్తీకానికి పూలే కనపడతాయి. ఉసిరి కింద అలికి ముగ్గెయ్యి. అయిపోయింది. ఇంకేం కావాలి?"

"అదంతా చేసినా పెంటకుప్ప పెంటకుప్పే కదే."

"ఉండనీ! సువర్చల వాకిలి దేంతో అలుకుతుంది? కుందేళ్ళ మళ్ళలో దేంతో ఊరాయి ఆ ముల్లంగులు? పొద్దున్నే తట్ట పట్టుకుని నీ వెనకాల నిలబడేవాళ్ళే కదా వీళ్ళంతా!"

కాటుకమ్మ తల దించుకుంది. "వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాక అది అలుకు. నా వాకిట్లో ఉన్నంతసేపూ పెంట."

పింగళి జవాబు చెప్పేలోపే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

గుంటనక్క భూషణం. దిగువ పెరడు వాడిది. వాడి పెరట్లో గులకరాళ్ళు తప్ప గడ్డి కూడా మొలవదు. అందుకే వాడి వంతు ఎప్పుడూ రాలేదు, వాడూ ఎప్పుడూ అడగలేదు. ఈ మధ్య మాత్రం ఎక్కడో నేర్చుకొచ్చానని చెప్పి, వాళ్ళ పెరడూ వీళ్ళ పెరడూ తిరిగి తీర్చిదిద్దే పని పెట్టుకున్నాడు.

"అక్కగారూ, విన్నాను. ఈసారి మీ ఇంటనేనట. కళ్ళు చల్లబడ్డాయి."

"చల్లబడ్డానికేముందయ్యా ఇక్కడ" అంది కాటుకమ్మ, పెంటకుప్పకి అడ్డంగా నిలబడటానికి ప్రయత్నిస్తూ. అంత పెద్ద శరీరం ఉండి కూడా కుప్ప కనపడకుండా నిలబడటం ఆవిడకి చేతకాలేదు.

భూషణం అది గమనించాడు. తెలివైనవాడెవడైనా అయితే పెరడంతా చూసేవాడు. వీడు ఆవిడ కళ్ళనే చూశాడు.

"నా పద్ధతి వేరు అక్కగారూ. అది తీసెయ్యండి, ఇది పీకెయ్యండి అని నేను చెప్పను. ఇల్లు మీది. మీరే చెప్పండి, వచ్చినవాళ్ళ కంట ఏది పడకూడదు?"

కాటుకమ్మ కొమ్ముతో కుప్ప వైపు చూపించింది.

"అబ్బే, నాకైతే అందులో తప్పేం కనపడదు" అన్నాడు భూషణం మెత్తగా. "కానీ, వచ్చేవాళ్ళు సున్నితమైనవాళ్ళు. సరే, తీసుకెళ్ళిపోతా. ఇంకా?"

"ఈ గుంట."

"పాపం, మీకు పొర్లడానికి ఉండాలిగా?"

"పండగ అయ్యేదాకా పొర్లకపోతే చచ్చిపోతానా?"

"పూడ్చేద్దాం. ఇంకా?"

ఒకసారి మొదలయ్యాక ఆవిడ ఆగలేదు. అరటి మొదళ్ళ దగ్గర ఎప్పుడూ చిత్తడేనంది. చేమాకుల కింద కప్పలంది. గుమ్మడి తీగ వెళ్ళేవాళ్ళ కాళ్ళకి చుట్టుకుంటుందంది. వాడు ప్రతిదానికీ "నాకైతే ఇబ్బంది లేదు గానీ" అంటాడు, ఆవిడ ఇంకొకటి చూపిస్తుంది. వాడు ఒక్క మాట కాదనలేదు, ఒక్కటి అడగలేదు. సిగ్గుపడేవాళ్ళకి అంతకంటే మర్యాదస్థుడు ఎక్కడ దొరుకుతాడు?

"మరి కూలి?" అంది కాటుకమ్మ, వాము మీది గీతకేసి చూస్తూ.

భూషణం చెవులు మూసుకున్నాడు. "ఒక్క పరక కూడా వద్దు. మీకు అక్కర్లేనిది మోసుకెళ్ళి పారేస్తా. అక్కర్లేనిదానికి కూలేంటి? మంచి తెల్లటి గులకరాళ్ళు నేనే తెచ్చి పరుస్తా. అంచుల వెంట కాగితంపూల చెట్లు. చూసినవాళ్ళు ఇది ఎవరిల్లని అడగాలి."

"ఆకులూ, కూరలూ ఇంటివాళ్ళవే కదరా?" పింగళి మధ్యలో దూకింది. "అరటి పీకేస్తే ఆకులెక్కడివి? గుమ్మడీ చేమా పోతే పులుసు దేంతో పెడుతుంది, గులకరాళ్ళతోనా?"

"ఆ రోజుకి ఆకులూ కూరలూ నా పూచీ" అన్నాడు భూషణం. మాట కోడికి చెప్పాడు గానీ చూపు బర్రె మీదే ఉంది. "అక్కగారి పరువు నా పరువు కాదూ?"

వాడు వెళ్ళాక పింగళి రెక్కలు విదిల్చింది. "వదినా, వాడు కూలి అడగలేదు. ఏం పట్టుకుపోతాడో చూసుకో."

"పెంట పట్టుకుపోతాడు. నీకు గింజలు ఏరుకోడానికి ఉండదని నీ బాధ."

అనేశాక కాటుకమ్మకే నోరు కాలినట్టయింది. పింగళి కంచె దాటి వెళ్ళిపోయింది.

*

భూషణం మాట మీద నిలబడ్డాడు. ఎండుటాకుల తట్టల్లో పెంట అంతా ఎత్తుకెళ్ళాడు. అరటి బోదెల్ని మట్టిగడ్డతో సహా పెకిలించి దొర్లించుకుపోయాడు. చేమదుంపలు తవ్వాడు, గుమ్మడికాయలు కోశాడు. గుంట పూడ్చి, ఊట నీళ్ళు బురద చెయ్యకుండా ఒక కాలవ తీసి పెరటి బయటికి మళ్ళించాడు. ఆ జాగా అంతా తెల్లటి గులకరాళ్ళు పరిచాడు. వనభోజనం ముందురోజు సాయంత్రం కాగితంపూల మొక్కలు తెచ్చి అంచుల వెంట నాటాడు.

కాటుకమ్మ గుమ్మంలో నిలబడి చూసుకుంది. తెలుపు, ఎరుపు. ఈగ లేదు, కప్ప లేదు. పొర్లడానికి గుంట లేక ఒళ్ళంతా దురదగా ఉంది, గోక్కోడానికి అరటిబోదె కూడా లేదు. అయినా గీత దాటకుండా, ఒక్క పరక ఖర్చు లేకుండా ఇంత పని చేయించుకున్నందుకు లోపల కొంచెం గర్వపడింది.

మర్నాడు పొద్దున అందరూ వచ్చారు. సువర్చల నిజంగానే పీట తెచ్చుకుంది. గుమ్మం దాటగానే ఆగిపోయింది.

"ఇది కాటుకమ్మ పెరడేనా?"

"ఎవరిల్లు అనుకున్నారు?" అంది కాటుకమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడ ఏడాది ఎదురుచూసింది.

"అబ్బ, పేడ వాసనే లేదు!" "ఈ రాళ్ళు చూడండి, ఎంత తెల్లగా ఉన్నాయో!" కుందేళ్ళు గులకరాళ్ళ మీద గెంతాయి. కాటుకమ్మ అందరినీ వరసగా పలకరించింది. పింగళి కూడా వచ్చింది, కానీ కంచె మీదే కూర్చుంది.

ఎలుగుబంటి వీరాస్వామి గుండిగ దింపి నడుం బిగించాడు. "అమ్మా కాటుకమ్మా, ఉసిరి కింద అలకాలి. కాస్త పేడ ఇప్పించు."

"పేడా?" అంది కాటుకమ్మ. పొద్దున్నే అంతా ఎత్తి దూరంగా పారేసి వచ్చింది, ఎవరి కంటా పడకూడదని.

"సరే, నీళ్ళు చల్లి సరిపెడతాలే. నీళ్ళేవి?"

ఊట దగ్గర నుంచి కాలవ నేరుగా కంచె బయటికి పోతోంది. పెరట్లో చుక్క లేదు.

"నేనే మోసుకొస్తాలే" అన్నాడు వీరాస్వామి, ఇంకా మంచిగానే. "కూరలు చూపించు. ఆకులు కోయించు. పొద్దెక్కుతోంది."

"భూషణం తెస్తానన్నాడు. వస్తుంటాడు."

భూషణం రాలేదు. ఎండ ఎక్కింది. అరటి నీడ లేదు, చేమ చలవ లేదు. గులకరాళ్ళు కాలడం మొదలైంది. కుందేళ్ళు గెంతడం మానేసి ఒంటికాలి మీద నిలబడ్డాయి. సువర్చల తెచ్చుకున్న పీట మీద ఎక్కి నిలబడింది. అక్కణ్ణించి ఒక పువ్వు తుంచబోతే కొమ్మంతా ఊడి మూతికొచ్చింది. వేరు లేదు. కోసిన కొమ్మలు తెచ్చి గుచ్చాడు వాడు. సువర్చల కొమ్మ నోట్లోనే పెట్టుకుని అటూ ఇటూ చూసింది. మిగతావి అప్పటికే తలలు వాల్చేశాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని కాటుకమ్మకి అనిపించింది. వాళ్ళు నవ్వి ఉంటే కిందటేడు లాగే తనూ కలిసి నవ్వేసేది. ఇప్పుడు అందరూ ఆకలితో, మర్యాదగా, ఆవిడ మొహంలోకి చూడకుండా నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు భూషణం, నుదుటికి చెమట పట్టినట్టు తుడుచుకుంటూ.

"అయ్యయ్యో, ఎండలో నిలబెట్టేశారా అందర్నీ? ఆకులూ కూరలూ ఇక్కడిదాకా మోయించడం దేనికని మా పెరట్లోనే సిద్ధం చేశాను. ఉసిరికొమ్మ కూడా నాటాను. పదండి పదండి. అక్కగారి పెరడైతేనేం, నాదైతేనేం!"

ఆకలి మీదున్నవాళ్ళకి రెండోసారి చెప్పక్కర్లేదు. పీటలు, గుండిగలు ఎత్తుకుని అందరూ దిగువకి నడిచారు. కాటుకమ్మ అందరికంటే వెనక నడిచింది.

*

గులకరాళ్ళ పెరడు అక్కడ లేదు. ఆ రాళ్ళన్నీ కాటుకమ్మ ఇంట్లో ఉన్నాయి. వాటి జాగాలో నల్లటి మట్టి, మట్టిలోకి పై నుంచి గలగలా దిగుతున్న కాలవ. కాలవ వెంట అరటి చెట్లు, విశాలమైన ఆకులతో. వాటి నీడలో చల్లగా అలికిన నేల. ఒక పక్క గుమ్మడికాయలు, చేమదుంపలు, పచ్చి అరటిగెల. భూషణం తన పెరటి రాళ్ళు ఆవిడకిచ్చి, ఆవిడ పెరడు తను తెచ్చుకున్నాడు. వాడికి ఖర్చయింది మెత్తటి మాటలే.

"ఏం మట్టయ్యా భూషణం!" వీరాస్వామి చేమదుంప ఒకటి చేతిలో పట్టుకుని తూచాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"కష్టం మావయ్యా. కష్టపడితే రాళ్ళలో కూడా పండుతుంది."

అరటిచెట్టు మీదకి ఎగిరి కూర్చున్న పింగళి అక్కణ్ణించి అరిచింది. "కష్టమా? ఎవరి కష్టంరా? ఈ బోదె ఒక పక్కంతా నున్నగా ఎందుకుందో చెప్పు. ఎవరు రాసుకున్నారు ఇక్కడ? ఈ కొమ్ము గీతలు ఎవరివి? నీకు కొమ్ములెప్పుడు మొలిచాయి?"

అందరూ అరటి బోదె వైపు చూశారు. తర్వాత కాటుకమ్మ కొమ్ముల వైపు చూశారు.

"చెప్పు వదినా!" అంది పింగళి. "నీ నోటితో ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

భూషణం తడబడలేదు. కాటుకమ్మ ముందుకి వచ్చి తల వంచాడు.

"కోడిగారు అన్నదాంట్లో న్యాయం ఉంది. అక్కగారూ, ఈ అరటి మీదే అయితే మీదేనని సెలవియ్యండి. ఇప్పుడే, అందరి ముందూ, వేళ్ళతో పెకిలించి మీ ఇంట్లో దిగబెడతాను. కాకపోతే ఒకటి." వాడు మూలకి నడిచి, అక్కడ పరిచి ఉన్న చాప ఒకటి లాగాడు. "దీంతో పాటు వచ్చింది ఇంకొకటి ఉంది. అరటి ఎవరిదో ఇది కూడా వాళ్ళదే. రెండూ తీసుకెళ్ళాలి మరి."

చాప కింద పెంటకుప్ప. ఎండకి ఒక్కసారి గుప్పుమంది. ఈగలు లేచాయి.

సువర్చల మెడ వెనక్కి లాక్కుంది. "ఛీ ఛీ! భోజనాల దగ్గర ఇదేంటండీ! ఎవరిదిది?"

అన్ని తలలూ కాటుకమ్మ వైపు తిరిగాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆ వాడలో ఆ కుప్ప ఎవరిదో తెలియనివాళ్ళు లేరు. అడిగిన సువర్చలకీ తెలుసు. ఆవిడ వాకిలి రోజూ అలికేది ఆ పేడతోనే. నాది అని ఒక్క మాట అంటే చాలు. అరటి వస్తుంది, నీళ్ళు తిరిగొస్తాయి. వరసలో మొదటి చోటు కూడా వస్తుంది. అడ్డం ఉన్నది ఈగల మోత, ముక్కు మూసుకున్న ఒక జింక, అంతే.

కాటుకమ్మ నోరు తెరిచింది. సువర్చల ముక్కు మీద గిట్ట చూసింది.

"నాది కాదు" అంది.

"వినపడలేదు అక్కగారూ."

"నాది కాదయ్యా. ఆ అరటీ నాది కాదు."

పింగళి చెట్టు మీద నుంచి కిందికి దిగింది. ఇంకొక్క మాట మాట్లాడలేదు. అంత నోరున్న కోడి, వాదనలో ఎప్పుడూ ఓడని కోడి, తిండి ముట్టకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. కాటుకమ్మ ఆ వీపు వైపు చూడలేకపోయింది.

"ఎవరో పారేసుకుంటే వాడ శుభ్రంగా ఉండాలని నేనే మోసుకొచ్చాను" అన్నాడు భూషణం, చాప మళ్ళీ కప్పుతూ. అందరూ వాడి పెద్దమనసుని మెచ్చుకున్నారు.

భూషణాన్ని వరసలో మొదట కూర్చోబెట్టారు. మొదటి ముద్ద వాడికి వడ్డించారు. కాటుకమ్మకి అలవాటైన చోటు ఖాళీగానే ఉంది, వెళ్ళి కూర్చుంది. ముందు పరిచిన ఆకు తన చెట్టుది. చేమదుంపల పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. అందరూ ఇంకొంచెం, ఇంకొంచెం అని వేయించుకున్నారు. "మీకెలా ఉందమ్మా?" అని వీరాస్వామి అడిగితే "చాలా బాగుంది" అంది. వెళ్ళేటప్పుడు భూషణానికి థాంక్స్ కూడా చెప్పింది.

*

కార్తీకం వెళ్ళి, పుష్యమాసపు చలి మొదలయ్యాక భూషణం ఎగువ పెరటికి వచ్చాడు. కాటుకమ్మ గులకరాళ్ళ మీద పడుకోలేక నిలబడే నెమరేస్తోంది. ఒళ్ళు బీటలు తీసింది.

"అక్కగారూ, చిన్న పని. ఆ కుప్ప అరటికే సరిపోయింది. కొత్త పిలకలొచ్చాయి, మట్టిలో బలం చాలట్లేదు. మీరు రోజూ పొద్దున్నే మా పెరటి వైపు ఒకసారి వచ్చి వెళ్ళారంటే..." గొంతు తగ్గించాడు. "వెనక దోవన రండి. ఎవరూ చూడరు. మీ పరువు నాకు తెలుసుగా."

ఎవరూ చూడరన్న మాటకి కాటుకమ్మ చెవులు ఒక్కసారి నిలబడ్డాయి. వెంటనే వాలాయి.

"నాకు పెంట ఎక్కడిదయ్యా భూషణం? నాది కాదని నలుగురి ముందూ చెప్పానుగా."

"అది... అప్పుడు..."

"వాడలో అందరూ విన్నారు. నువ్వైతే వినపడలేదని రెండోసారి కూడా చెప్పించుకున్నావు. ఇప్పుడు నీ పెరట్లో నా పేడ కనపడితే అందరూ నన్నే అబద్ధాలకోరంటారు. వెళ్ళు."

మాట దొరకనప్పుడు నవ్వడం భూషణం అలవాటు, నవ్వుతూనే దిగువకి వెళ్ళిపోయాడు.

కంచె అవతల మట్టి గీకుతున్న పింగళి తలెత్తింది. వనభోజనం రోజు తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"విన్నావా పింగళీ, ఎలా అడిగానో?" అంది కాటుకమ్మ. గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం ప్రాణం వచ్చింది.

"విన్నాను. బాగా అడిగావు. అరటి తిరిగొస్తుందా?"

"రాదు."

"నీళ్ళు?"

"వాడు తీసిన కాలవ. వాడలో అందరూ అది వాడిదే అంటున్నారు."

పింగళి ఇంకాసేపు గీకింది. ఈసారి అరవలేదు. మామూలుగా అంది, అందుకే ఎక్కువ తగిలింది.

"నలుగురిలో అనాల్సిన మాట వదినా, అది. పెరట్లో అన్నావు."

కాటుకమ్మ తల వంచి, కొమ్ముతో గులకరాళ్ళు ఒక్కొక్కటే పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. రాళ్ళ కింద మట్టి గట్టిపడిపోయి ఉంది.

నాదని చెప్పుకోడానికి సిగ్గుపడే సొత్తుని కాజెయ్యాలంటే, దొంగకి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు.